అద్దం వంచిన గోడ

"గునపం కింద పెట్టు" అంది కనక, గుమ్మానికి అడ్డంగా రెండు చేతులూ చాపి.

సుక్రు పెట్టలేదు. భుజం మీది గునపాన్ని ఇంకాస్త పైకి జరుపుకున్నాడు.

"తప్పుకో. ఎండెక్కకముందే పని అయిపోవాల."

"ఏటి పని? ఇరవై రెండేళ్ల కిందట నువ్వు కట్టిన బడిగోడ నువ్వే పడగొట్టుకోడం కూడా ఓ పనేనా?"

"వంకర గోడ ఊళ్లో నిలబడకూడదు. రేపు పిల్లల మీద పడితే ఎవుడు జవాబు సెప్తాడు?"

"వంకరని ఎవులన్నారు?"

ఆ మాటకి జవాబు చెప్పవలసిన మనిషి వెనక గదిలో మంచం మీద, ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఉంది. రాజకుమారి. వాళ్లకి ఒక్కతే కూతురు.

అన్నది తనే. నిన్న మధ్యాహ్నం, అరుగు మీద కూర్చుని, స్పీకర్ పెట్టి, విశాఖపట్నం గ్రాఫిక్స్ స్టూడియోలో తన పై అధికారి లక్ష్మీప్రసాద్‌తో. "సార్, పొరపాటు నా దగ్గర లేదు. గోడే వంకరగా కట్టారు. ఊళ్లో మేస్త్రి పని, ఇంకెలా ఉంటుంది?"

ఆ మాట అన్నాక తలెత్తి చూస్తే ఎదురుగా తండ్రి ఉన్నాడు. తండ్రి పక్కన పోలయ్య ఉన్నాడు. ఊరి దేవతకి కొత్త గుడి కట్టే పని గురించి సుక్రుతో మాట్లాడదామని వచ్చిన పెద్దమనిషి ఆయన. అరుగెక్కకుండానే వెనక్కి వెళ్లిపోయాడు. సాయంత్రానికి జామిపుట్టు ఊరంతా ఒకటే మాట: సుక్రు కట్టిన గోడ వంకరట, కంప్యూటర్ పట్టేసిందట, సొంత కూతురే చెప్పిందట.

నిన్న మధ్యాహ్నం నుంచి సుక్రు ముద్ద ముట్టలేదు.

రాజకుమారి లేచి ముందు గదిలోకి వచ్చింది.

"నాన్నా..."

సుక్రు ఆమె వైపు చూడలేదు. భార్యతో అన్నాడు. "నీ కూతురికి సెప్పు, దారిలో అడ్డం రావద్దని."

"నేను అలా అనకుండా ఉండాల్సింది."

"తప్పు మాటైతే అనకూడదు. నిజమైతే అనాల. అది నిజమేనా కాదా, అడుగు."

రాజకుమారికి నిజంగా తెలియదు. మూడు వారాల కిందట ఒక సినిమా వాళ్లు ఊళ్లోకి వచ్చి ఆ బడిగోడ దగ్గర ఒక సన్నివేశం తీశారు. గోడ చివర తెల్లవాళ్ల కాలం నాటి కావలి బురుజు ఉన్నట్టు తెర మీద చూపించాలి. బురుజు ఎక్కడా లేదు. దాన్ని కంప్యూటర్‌లో కట్టి గోడకి అతికించే పని, యాదృచ్ఛికంగా, రాజకుమారి చేతికే వచ్చింది. అమ్మకి జ్వరమని ఇంటికి వస్తూ పని కూడా వెంట తెచ్చుకుంది. మూడుసార్లు చేసి పంపింది. మూడుసార్లూ వెనక్కి వచ్చింది. కెమెరా తిరుగుతున్నకొద్దీ, బురుజు తెర మధ్యలో ఉన్నంతసేపు గోడ మీద బుద్ధిగా కూర్చుంటుంది. అంచుకి వెళ్లేసరికి అతుకు ఊడినట్టు జారిపోతుంది. అంచు దగ్గర గోడ పైవరస వంగి కనిపిస్తోంది. ఆ వంపు చూసే ఆమె ఆ మాట అనేసింది.

"నాకు తెల్దు నాన్నా" అంది చివరికి. "కొలిచి సూడనేదు. కొలవకుండా అనేశాను."

సుక్రు మొదటిసారి కూతురి ముఖంలోకి చూశాడు. కోపం కన్నా ఎక్కువగా ఆశ్చర్యం కనిపించింది ఆ చూపులో.

"కొలవకుండా అన్నావా?"

"అన్నాను."

"నా కడుపున పుట్టి?"

గునపం గోడకి ఆనించాడు. మూలనున్న సంచీలోంచి నూలు దారం ఉండ, తూకం గుండు, మూలమట్టం తీశాడు.

"రా. కొలుద్దాం. వంకరని తేలితే నువ్వే నా సేతికి గునపం అందించాల."

*

బడికి ఆదివారం సెలవు. దావ పక్కన కాఫీ మొక్కల నీడ ఇంకా తడిగా ఉంది. గోడ పొడవు అరవై అడుగులు. పదడుగులకొక స్తంభం.

సుక్రు దారం ఒక కొస కూతురి చేతికిచ్చి, రెండో కొస పట్టుకుని ఆ చివరికి నడిచాడు. పని మాటలు తప్ప ఇంకేమీ మాట్లాడలేదు.

"బిగించు. ఇంకా. గోడకి ఆన్చకు, ఏలెడు ఎడం ఉంచు."

దారం వీణతీగలా బిగిసింది. సుక్రు తన కొసని చివర మేకుకి కట్టి, ఒక్కొక్క స్తంభం దగ్గరా ఆగి, దారానికీ గోడకీ మధ్య స్కేలు పెట్టి చూస్తూ వచ్చాడు. మొదటి స్తంభం. రెండోది. మూడోది. నాలుగో దాని దగ్గర వంగి, రెండుసార్లు చూశాడు.

"రాసుకో. ఇక్కడ పావంగుళం ఎక్కువ."

రాజకుమారి ఖాళీ చేత్తో ఫోన్ తీసింది. "వంకరా?"

"గోడ కాదు, పూత. ఆ రోజు వానొచ్చింది. సిమెంటు ఆరకముందే రెండో పూత ఏసేశాను." బొటనవేలితో ఆ పూతని రుద్దాడు. "తప్పే. రాసుకో."

మిగతా అంతటా దారం చెప్పిన మాట ఒక్కటే. తూకం గుండు వేలాడదీస్తే స్తంభాలు నిట్టనిలువు. పైవరసకి కట్టిన దారం ఈ కొస నుంచి ఆ కొస దాకా ఎక్కడా పైకి లేవలేదు, కిందికి దిగలేదు.

అరవై అడుగుల గోడ. ఇరవై రెండేళ్లు. పావంగుళం పూత.

రాజకుమారి స్తంభానికి ఆనుకుని నిలబడిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏడుపు తరవాత" అన్నాడు సుక్రు. "గోడ తిన్నగా ఉంది. మరి నీ డబ్బాలో వంకర ఎక్కడ్నించి వచ్చింది?"

"అదే తెలీట్లేదు నాన్నా."

సుక్రు దారం చుట్టుకుంటూ గోడనే చూస్తున్నాడు. మెడలో వేలాడుతున్న కళ్లజోడు తీసి పెట్టుకున్నాడు, మళ్లీ తీసేశాడు. పాడేరులో కళ్ల శిబిరం వాళ్లిచ్చిన మందపాటి అద్దాలవి.

"పని కాడ ఈ అద్దాలెందుకు ఎట్టుకోనో తెల్సా?"

"బరువనా?"

"కాదు. మధ్యలోంచి సూత్తే బాగానే ఉంటాది. అద్దం కొసలోంచి సూత్తే గుమ్మం కమ్మీ వంగుతాది. ఎట్టుకున్న మొదటి రోజే మీ అమ్మకి సెప్పినాను. ముసిలోడివయిపోనావని నవ్వింది."

రాజకుమారి చెయ్యి చాపింది. కళ్లజోడు తీసుకుని పెట్టుకుంది. అంతా మసకగా ఉంది, కానీ గోడ పైవరస కనిపిస్తోంది. తల తిప్పకుండా కళ్లు మాత్రం పక్కకి తిప్పింది. పైవరస వంగింది. తల తిప్పి అదే చోటుని నేరుగా చూసింది. తిన్నగా అయిపోయింది. ఇప్పుడు ఇందాకటి తిన్నని చోటు వంగింది.

వంపు గోడలో లేదు. ఎటు చూస్తే అటు, అద్దంతో పాటు నడుస్తోంది.

"లెన్సు!" అని అరిచింది.

ఇంటికి పరుగెత్తింది. షూటింగ్ వాళ్ల కాగితాలు స్కాన్ చేసి పంపినవి ఇంకోసారి తెరిచింది. ఇంతకు ముందు పైపైన చూసి వదిలేసిన ఆ పేజీ చివర, పెన్సిల్ రాత. అనుకున్న లెన్సు పాడైతే ఆ ఒక్కరోజుకి అద్దెకి తెచ్చిన పాత వైడ్ లెన్సు వాడారట. వెడల్పు ఎక్కువగా చూసే లెన్సులన్నీ అంచుల్లో గీతల్ని ఎంతో కొంత వంచుతాయి. ఎంత వంచుతుందో తెలియడానికి మామూలుగా గళ్ల చార్టు ఒకటి ఆ లెన్సుతోనే తీసి పెడతారు. దానికి ఎదురుగా రాసి ఉంది: "టైం లేదు. తియ్యలేదు."

ఆ లెన్సు ఎంత వంచుతుందో ఎవరికీ తెలియదు. కంప్యూటర్‌లో తాను కట్టిన బురుజుకి మాత్రం ఏ వంపూ లేదు. వంగిన గోడ మీద తిన్నని బురుజు. అందుకే జారింది.

*

"గోడ వంకర కాదు సార్" అంది ఫోన్లో. ఈసారీ అరుగు మీదే కూర్చుంది. ఈసారీ స్పీకర్ పెట్టింది. కావాలనే.

"అమ్మా రాజకుమారీ" అన్నాడు లక్ష్మీప్రసాద్, ఓపిక పట్టిన గొంతుతో. "నిన్న నువ్వే వంకరన్నావు. ఆ మాటే నేను డైరెక్టర్ గారికి చెప్పాను. ఆ షాట్ ఇంకొకరికి ఇచ్చేశాం. గోడని పెయింట్ చేసి సరిచేస్తారు."

"లేని తప్పుని సరిచేస్తే ఉన్న తప్పు అలాగే ఉంటుంది సార్. నిన్న అన్నది తప్పు. కొలవకుండా అన్నాను. ఇవాళ కొలిచాం. వంపంతా లెన్సుది."

"చార్టు లేదు కదా. లెన్సు లెక్క ఎలా తీస్తావు?"

"గోడే చార్టు. కెమెరా ఎడమ నుంచి కుడికి తిరిగింది. అదే గోడ తెరలో అన్ని చోట్లకీ వచ్చింది. అది తిన్నగా ఉందని నాకు ఇప్పుడు రూఢిగా తెలుసు. తెరలో ఎక్కడ ఎంత వంగిందో, అదే ఆ లెన్సు వంపు. స్తంభాలు పదడుగులకొకటి, నిట్టనిలువు."

"రూఢిగా అంటే? ఎవరు కొలిచారు?"

రాజకుమారి తలెత్తింది. సుక్రు పెరట్లో కాళ్లు కడుక్కుంటున్నాడు. చెంబులో నీళ్లు అయిపోయినా చెంబు అలాగే వంచి పట్టుకున్నాడు.

నాలుగేళ్లుగా ఆ స్టూడియోలో పనిచేస్తోంది. నాన్నగారు ఏం చేస్తారని ఎవరైనా అడిగితే "వ్యవసాయం" అని ఊరుకునేది.

"మా నాన్న కొలిచారు" అంది. "తాపీ మేస్త్రి సుక్రు. ఆ గోడ కట్టింది ఆయనే."

"నిన్న ఊరి మేస్త్రి అన్నావే..."

"అన్నాను సార్."

"రేపు మధ్యాహ్నం దాకా టైం ఇస్తాను. కొలతలు కూడా రాసి పంపు."

ఫోన్ పెట్టేసింది. పెరట్లో చెంబు చప్పుడైంది. సుక్రు లోపలికి వచ్చి, పీట వాల్చుకుని కూర్చున్నాడు.

"ఏటే, అంబలి ఉందా?" అన్నాడు భార్యతో.

కనక గిన్నె తెచ్చి ముందు పెట్టింది. ఎదురుగా కూర్చుని, ఆయన రెండో గిన్నె తాగేదాకా లేవలేదు.

*

మధ్యాహ్నమంతా రాజకుమారి తెర మీద గోడ పైవరస వెంట చుక్కలు పెట్టుకుంటూ కూర్చుంది. ఒక్కొక్క స్తంభానికీ నిలువునా చుక్కలు. నాలుగో స్తంభం దగ్గర పావంగుళం వదిలేసి పెట్టింది. అన్నీ అయ్యాక మీట నొక్కితే, వంగిన దృశ్యం నెమ్మదిగా సర్దుకుని, గోడ ఆ చివర నుంచి ఈ చివర దాకా దారంలా నిలబడింది.

సుక్రు వెనక నిలబడి చూస్తున్నాడు. ఎప్పుడొచ్చాడో.

"అదీ!" అన్నాడు. "అదీ నా గోడ. ఇదే పంపించీ."

"ఇది పంపకూడదు నాన్నా. ఇది లెక్క కోసమే. ఈ తిన్నటి దాని మీద బురుజు కట్టి, మళ్లీ ఆ బురుజుని లెన్సు వంచినంతే వంచి, మొదటి బొమ్మ మీద పెట్టాల."

సుక్రు ముఖం మారింది. "తిన్నగా కట్టిందాన్ని కావాలని వంచుతావా?"

"అవును."

"ఏ మేస్త్రీ సెయ్యడు ఆ పని."

"డైరెక్టర్‌కి ఆ లెన్సు చూపే ఇష్టం. గోడ తిన్నగుందని తెలిశాక ఆ బొమ్మని ఎవురూ ముట్టరు. దాంట్లో నీ గోడ వంగే ఉంటాది. బురుజొక్కటే తిన్నగా నిలబడితే ఏటవుతాది?"

సుక్రు ఆలోచించాడు. "అబద్ధంగా ఉంటాది."

"అందుకే. ఒకే కంటితో రెండూ సూసినట్టుండాల."

సుక్రు గొణుక్కుంటూ బయటికి వెళ్లాడు. పది నిమిషాల్లో తిరిగొచ్చాడు.

"కొసలు వంచితే అంచు కాడ బురుజు చాలకుండా పోద్ది గదా? రేకుని వంచినప్పుడు కొస లోనకి లాగేస్తాది. పెద్ద రేకు కోసుకుని వంచాల."

రాజకుమారి నివ్వెరపోయి చూసింది. ఉద్యోగంలో చేరిన ఏడాదికి గానీ ఆమెకి అర్థం కాని సంగతి అది. బొమ్మని తెర కొలత కన్నా కాస్త పెద్దదిగా తయారుచేసుకుని, వంచాక మిగిలింది కత్తిరించాలి.

"అలాగే సేత్తాం నాన్నా. పది వంతుల్లో ఒక వంతు ఎక్కువ తీసుకుంటాం."

"మరి సెప్పవేం!" అని మళ్లీ వెళ్లిపోయాడు. ఈసారి పక్కింటి వాళ్లకి చెబుతున్న గొంతు వినిపించింది. రేకు సంగతే చెబుతున్నాడు.

*

మర్నాడు పదకొండు గంటలకి పని స్టూడియోకి వెళ్లింది. బడి వదిలే వేళకి రాజకుమారి ల్యాప్‌టాప్ తీసుకుని బడి అరుగు మీదికి నడిచింది. పోలయ్యనీ మరో ఇద్దరు పెద్దల్నీ కనకే వెళ్లి పిలుచుకొచ్చింది. ఎలా పిలిచిందో గానీ ముగ్గురూ మారు మాట్లాడకుండా వచ్చారు.

"తాతా" అంది రాజకుమారి పోలయ్యతో. "గోడ వంకరని మొన్న నేనన్నాను. నువ్వు నా నోటనే విన్నావు. అందుకే నా నోటనే మళ్లీ విను. గోడ తిన్నగా ఉంది. నేనే తప్పు సూశాను."

పోలయ్య గడ్డం గోక్కున్నాడు. "మీ అయ్య కోప్పడ్డాడని అంటున్నావా?"

"నమ్మొద్దు. నువ్వే సూడు."

దృశ్యాన్ని రెండు చోట్ల ఆపి చూపించింది. సుక్రు జేబులోంచి దారం తీసి, రెండు చేతులా బిగించి, తెర మీదే ఆనించి పట్టుకున్నాడు. గోడ తెర మధ్యలో ఉన్నప్పుడు పైవరస దారం కింద దాక్కుంది. అదే గోడ, అదే స్తంభం తెర అంచుకి వచ్చినప్పుడు దారానికీ వరసకీ మధ్య వేలు పట్టేంత సందు.

"ఒకే గోడ తాతా. ఒకసారి తిన్నగా, ఒకసారి వంకరగా ఎలా ఉంటాది?"

పోలయ్య తెరని చూశాడు. తర్వాత లేచి వెళ్లి అసలు గోడ పక్కన చెంప ఆనించి, ఒక కన్ను మూసి, చివరి దాకా చూశాడు. చాలాసేపు చూశాడు.

అప్పుడే ఫోన్ మోగింది. లక్ష్మీప్రసాద్.

"అతికింది రాజకుమారీ. అంచు దాకా అతికింది. డైరెక్టర్ గారు మూడుసార్లు వేయించుకుని చూశారు, అది నిజం బురుజు కాదా అని అడిగారు. అదే లెన్సుతో ఆ రోజు తీసినవి ఇంకా పదకొండు షాట్లున్నాయి. వేరే వాళ్లు చేసినవి, అన్నీ కాస్త కాస్త జారుతున్నాయి. అన్నీ నీ లెక్కతోనే మళ్లీ చేయాలి, నువ్వే చూసుకోవాలి. మీ నాన్నగారు ఉన్నారా అక్కడ?"

రాజకుమారి ఫోన్ తండ్రి ముందు పట్టుకుంది.

"మేస్త్రి గారూ, నమస్కారం. ఇరవై ఏళ్ల కిందటి గోడని నమ్మి లెన్సు లెక్క తీయడం ఎక్కడా వినలేదండి. మీ గోడ వంకరని నేనూ నమ్మాను. మన్నించాలి."

సుక్రు తుండుగుడ్డ భుజం మీంచి తీసి చేత్తో పట్టుకున్నాడు. "నాలుగో స్తంభం కాడ పావంగుళం పూత ఎక్కువుంది బాబూ." కూతురి వైపు చూపించాడు. "అది మా గుంట రాసి ఉంటాది."

"రాశారండి."

"అయితే సరే" అన్నాడు సుక్రు.

కనక ముఖం అటు తిప్పుకుని కొంగుతో మూతి తుడుచుకుంది. ఆ కొంగు మాటున నవ్వుతోందో ఏడుస్తోందో ఎవరికీ కనపడలేదు.

పోలయ్య గోడ దగ్గరి నుంచి తిరిగొచ్చాడు. గొంతు సవరించుకున్నాడు.

"సుక్రూ, కొండ కింద నుంచి ఇంకో మేస్త్రిని పిలుద్దామనుకున్నాం. ఇప్పుడక్కర్నేదు. దేవత గుడి పని నీదే. శుక్రవారం మంచిది. పునాది కొలిచి సున్నం ముగ్గు పోసీ."

తను ఎదురుచూసిన మాట. రాదేమోనని రోజంతా తిండి మాన్పించిన మాట. సుక్రు వెంటనే ఒప్పుకుంటాడని అందరూ అనుకున్నారు.

"కడతాను మామా" అన్నాడు. "కొలత మాత్రం నాది కాదు. నా కళ్లు ఎనకటిలా లేవు. ముగ్గు మా గుంట పోస్తాది. అది పోసిన గీత మీదే తవ్వుతాను."

పోలయ్య మొహంలో నవ్వు ఆగిపోయింది. "ఆడగుంటా? దేవత గుడికా? ఇంతవరకూ ఎవులూ పొయ్యనేదు."

"ఇంతవరకూ దానిలా కొలిచినోళ్లు కూడా ఊళ్లో నేరు."

"ఊరు ఒప్పుకోవాల గదా."

"ఒప్పుకోమను. నేకపోతే కింద మేస్త్రినే పిలుచుకోండి. గునపం అరువిస్తాను."

పెద్దలు ముగ్గురూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. పోలయ్య చెప్పుల్లో కాళ్లు దూర్చుకున్నాడు. అవునని అనలేదు, కాదని అనలేదు. "శుక్రవారం ఊరే సెప్తాది" అని, మిగిలిన ఇద్దరినీ వెంటబెట్టుకుని దావ పట్టాడు.

కనక మొగుడి వైపు తిరిగింది. "సేతికొచ్చిన పని ఒగ్గేసుకుంటావేటి?"

సుక్రు వాళ్లు మలుపు తిరిగేదాకా చూస్తున్నాడు. ఆయన నిలబడ్డ తీరు చూస్తే ఆ గుడి అప్పటికే కట్టేసినట్టుంది.

రాజకుమారి తండ్రి చెయ్యి పట్టుకుంది. అరచెయ్యి సిమెంటు పొక్కులతో గరుకుగా ఉంది.

"నాన్నా, నాకు ముగ్గు పొయ్యడం రాదు. పునాది ఎప్పుడూ గియ్యనేదు."

"తెల్సు" అన్నాడు సుక్రు, జేబులోని దారం ఆమె చేతిలో పెట్టి. "నాలుగు రోజులుంది. బేగి రా."